వెన్నెలను అడుగుల్లో కొలిచిన దర్శకుడు

పళ్ళిపట్టు వైపు కొండల్లో వాన పడితే ఆ నీళ్ళు కుశస్థలి ఏటిలోకి చేరి, పూండి జలాశయం నిండాక గేట్లు దాటుకొని, ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. తమిళంలో దీన్నే కొసస్థలై ఆరు అంటారు. తిరుత్తణి, తిరువళ్ళూరు పల్లెలకు ఇది ఇంటి ముందరి ఏరు. ఆ ఎన్నూరు నీళ్ళ మీదే ‘మాయాబజార్’ పడవ పాటకు కొంత షూటింగ్ జరిగిందని ఆ చిత్రానికి పనిచేసినవారు చెబుతూ వచ్చారు. అయితే పాటలో ఆరుబయట తీసిన భాగం కొన్ని సెకన్లే. మిగతా వెన్నెల అంతా వడపళనిలోని వాహినీ స్టూడియో కప్పు కింద, కెమెరామెన్ మార్కస్ బార్ట్‌లీ దీపాలతో పుట్టించింది. నిజం నీళ్ళు ఎక్కడ ఆగాయో, స్టూడియో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో ఇవాళ ఎంత పెద్ద తెర మీద చూసినా పట్టుకోవడం కష్టం.

ఆ అతుకు కనబడకుండా చూసిన దర్శకుడు కదిరి వెంకటరెడ్డి. లోకానికి కె.వి.రెడ్డి.

ఆయన్ని తెలుగు సినిమా పెద్దల వరుసలో నిలబెట్టి గౌరవించడం మామూలుగా జరిగేదే. మన ఈ సరిహద్దు ప్రాంతం నుంచి చూస్తే మరో సంగతి కూడా కనిపిస్తుంది. ఆయన తీసిన సినిమాల్లో జనం ఎప్పటికీ మరచిపోని రెండు, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, తెలుగులోనే కాదు తమిళంలోనూ తయారయ్యాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మనలాంటివాళ్ళకు ఆ రెండు సినిమాలూ రెండు వైపులా సొంతమే. తెలుగు రాష్ట్రాల్లో ఈ సంగతికి అంత విలువ ఇవ్వరు. అందుకే ఇక్కడి నుంచి ఒకసారి ఆయన కథ చెప్పుకోవాలి.

కె.వి. 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామల అండతో పెరిగి, పెద్ద చదువుకు మద్రాసు వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. తాడిపత్రి నుంచి మద్రాసుకు రైలు కడప, రేణిగుంట మీదుగా తిరుత్తణి, అరక్కోణం, తిరువళ్ళూరు దాటి వస్తుంది. రాయలసీమ నుంచి సినిమా పిచ్చితో, ఉద్యోగం ఆశతో, చదువు కోసం పట్నం చేరిన ఒక తరం తెలుగువాళ్ళంతా ఈ పట్టాల మీదుగా వచ్చినవాళ్ళే. మద్రాసులో తెలుగు సినిమా ఎలా పెరిగిందో రాసేటప్పుడు ఈ రైలుమార్గానికి ఒక అధ్యాయం ఇవ్వాల్సిందని నా నమ్మకం.

సినిమాల్లోకి ఆయన దర్శకుడిగా రాలేదు, డబ్బు లెక్కలు చూసే మనిషిగా వచ్చారు. తాడిపత్రి స్నేహితుడు మూలా నారాయణస్వామి పెట్టుబడితో, బి.ఎన్.రెడ్డి సారథ్యంలో వాహినీ సంస్థ నిలబడింది. 1939లో ‘వందేమాతరం’తో మొదలుపెట్టి ‘సుమంగళి’, ‘దేవత’ వరుసగా తీసింది. కె.వి. అక్కడ క్యాషియరుగా, తర్వాత ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. ఏ సెట్టుకు ఎంత కలప పట్టింది, ఏ నటుడు ఎన్నిరోజులు ఖాళీగా కూర్చున్నాడు, ఏ సన్నివేశం తీసి పారేయాల్సి వచ్చింది, ఇవన్నీ ఆయనకు రూపాయల్లో తెలుసు. దర్శకులు చాలామంది సహాయ దర్శకులుగానో రచయితలుగానో ఎదుగుతారు. ఆయన చిట్టా పుస్తకం నుంచి ఎదిగారు. ఆ చదువు కడదాకా ఆయన పనిలో కనబడింది.

మొదటి సినిమా ‘భక్త పోతన’ 1943 జనవరిలో విడుదలైంది. అప్పటికి యుద్ధం నడుస్తోంది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్లో జపాను దాడి భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. అలాంటి కాలంలో, రాజాస్థానానికి పద్యం అమ్మనని భీష్మించిన ఒక రైతు కవి కథ తీయడానికి ధైర్యం కావాలి. పోతనగా వేసింది చిత్తూరు నాగయ్య. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లాలోదే కాబట్టి, ఈ ఊరి పెద్దలకు నాగయ్య తమ జిల్లా మనిషి. 1947లో అదే నాగయ్యతో ‘యోగి వేమన’ తీశారు. భోగి యోగిగా మారే ఆ కథను మెచ్చుకున్నవాళ్ళు ఎందరున్నా, పోతన తెచ్చినంత డబ్బు అది తేలేదు. 1949లో ‘గుణసుందరి కథ’ వచ్చింది. షేక్స్పియర్ ‘కింగ్ లియర్’లోని ముసలిరాజు, ముగ్గురు కూతుళ్ళ గొడవ తీసుకొని, దాన్ని మన పేదరాసి పెద్దమ్మ కథలా మార్చేశారు. ఆ సినిమాతో రచయిత పింగళి నాగేంద్రరావు ఆయనకు జత కుదిరారు. ఆ జంట ఏం చేసిందో తర్వాతి పదేళ్ళు చెప్పాయి.

ఇక్కడ ఆయన పనితీరు గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన గురించి అందరూ ముచ్చటించే స్టాప్‌వాచ్ కథ సగమే చెప్పి వదిలేస్తుంటారు.

ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో సెకనుకు 24 బొమ్మల లెక్కన పరిగెడుతుంది. అంటే నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల సినిమా అంటే 16 వేల అడుగులు దాటుతుంది. ఆ ముడి ఫిల్ము అప్పట్లో విదేశాల నుంచే రావాలి. ఒక సన్నివేశం అనుకున్నదానికంటే అర నిమిషం సాగితే 45 అడుగులు పోయినట్టు. రెండు భాషల్లో తీస్తుంటే 90. కె.వి. షూటింగుకు ముందే స్క్రిప్టు మొత్తం రాయించి, చదివించి, సంభాషణతో సహా రిహార్సల్ వేయించి, స్టాప్‌వాచ్ పట్టుకొని ఒక్కో సన్నివేశం ఎన్ని సెకన్లు వస్తుందో గుర్తు వేసుకునేవారు. ఆ లెక్కలన్నీ కూడితే పూర్తి సినిమా నిడివి కెమెరా తిరగక ముందే తెలిసిపోయేది. సెట్టు మీద నటుడు రెండు మూడు సెకన్లు ఎక్కువ తీసుకుంటే మళ్ళీ చేయించేవారు. తీసేశాక ఎడిటింగ్ బల్ల మీద కత్తిరించి నిడివి సరిచేసుకుందామనే మాట ఆయన దగ్గర చెల్లేది కాదు.

ఇది పొదుపరితనం అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ప్రేక్షకుడు నవ్వడానికి ఎంత సమయం కావాలి, నవ్వు సద్దుమణిగాక తర్వాతి మాట ఎప్పుడు పడాలి అన్నది లెక్కేసినవాడికే తెలుస్తుంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి శిష్యుల హాస్యం ఇప్పటికీ ఒక్కచోట కూడా జారిపోదు. అది నటుల ప్రతిభ ఒక్కదాని వల్ల కాదు. వాళ్ళ మాటకు మాటకు నడుమ ఉన్న విరామాన్ని ముందే కొలిచి పెట్టుకోవడం వల్ల. భౌతికశాస్త్రం చదివిన మనిషి కాలాన్ని కొలతగా చూస్తాడు. దాన్నే హాస్యంగానూ మార్చగలగడం కె.వి. విద్య.

ఈ క్రమశిక్షణ హాలీవుడ్‌లో కొత్త కాదు. నెల జీతాల మీద నటులు, సాంకేతిక నిపుణులు, ఒక్క ఆవరణలో అన్ని శాఖలు, తేదీల ప్రకారం నడిచే షూటింగ్: అమెరికాలో పెద్ద స్టూడియోల పద్ధతి అదే. మద్రాసుకు ఆ పద్ధతి రుచి నేరుగా చూపించిన అమెరికన్ ఒకరున్నారు. ఎల్లిస్ ఆర్. డంగన్ 1909లో ఒహాయోలో పుట్టి, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకొని, 1935లో మనదేశం వచ్చారు. తమిళం రాకుండానే తమిళ సినిమాలు తీశారు. ఎం.జి.రామచంద్రన్ మొదటిసారి తెర మీద కనబడిన ‘సతీ లీలావతి’ (1936), ఎం.ఎస్.సుబ్బులక్ష్మి ‘శకుంతలై’ (1940), ‘మీరా’ (1945) ఆయనవే. 1950లో ఆయన స్వదేశానికి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాదే కె.వి. ‘పాతాళభైరవి’ వచ్చింది. డంగన్ నేర్చి తెచ్చిన పద్ధతిని, తాడిపత్రి మనిషి మద్రాసులోనే తనకు తానుగా కనిపెట్టుకున్నారు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పెద్ద స్టూడియోలు తమ సినిమా హాళ్ళను వదులుకోవాలని తీర్పు ఇచ్చింది. ఆ పద్ధతి అక్కడ సడలడం మొదలైన రోజుల్లోనే ఇక్కడ వడపళనిలో వాహినీ స్టూడియో లేచింది. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ అందులో నటుల్నీ సాంకేతికుల్నీ నెల జీతాల మీద పెట్టుకొని తన స్వర్ణయుగం నడిపింది.

‘పాతాళభైరవి’ 1951 మార్చి 15న తెలుగులో, మే నెలలో తమిళంలో వచ్చింది. కథకు మూలం ‘కాశీ మజిలీ కథలు’. అందులో అల్లావుద్దీన్ దీపం వెలుగు కొంత కలిసింది. తోటమాలి కొడుకు రాజకుమార్తెను కోరుకున్నాడు, మాంత్రికుడు అతన్ని బలి ఇవ్వాలనుకున్నాడు. ఇంత సాదా కథ. ఆ తోట రాముడి వేషానికి ఎన్.టి.రామారావును ఎలా ఎంచుకున్నారన్నదానికి సినిమా వాళ్ళు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. స్టూడియోలో టెన్నిస్ ఆడుతున్న రామారావు చిరాకుగా బంతిని కొట్టిన తీరు కె.వి. కంట్లో పడిందట. అంతవరకు వేరే నటుడి వైపు ఉన్న మనసు అక్కడే మారిందట. ఎస్.వి.రంగారావు నేపాళ మాంత్రికుడిగా కుర్రవాళ్ళను భయపెట్టారు, పెద్దవాళ్ళను నవ్వించారు. 1952లో దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమా వేశారు. తెలుగు తెర మీద మాస్ హీరో అనే మాటకు మొదటి ఆకారం తోట రాముడే అని నేననుకుంటాను. అయితే ఇక్కడ వీరుడు గెలిచేది కండబలంతో కాదు, సమయానికి తోచిన తెలివితో.

తర్వాత తీసినవాటిలో మూడింట మంత్రాలు లేవు. 1954లో వచ్చిన ‘పెద్దమనుషులు’ ఇబ్సెన్ నాటకం ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ ఆధారంగా తయారైంది. మునిసిపల్ చైర్మన్ వేషంలో గౌరీనాథశాస్త్రి ఊరందరి ముందు ఎలా నవ్వుతాడో, గదిలో ఎలా లెక్కలు వేస్తాడో చూస్తే ఇవాళ్టి ఏ పురపాలక సంఘం ఎన్నికలనైనా గుర్తు పట్టవచ్చు. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి దానికే వచ్చింది. డి.వి.నరసరాజు అనే గొప్ప సంభాషణల రచయిత ఈ సినిమాతోనే పరిచయమయ్యారు. 1955లో ‘దొంగరాముడు’. అన్నపూర్ణా పిక్చర్స్ సంస్థ స్థాపించిన దుక్కిపాటి మధుసూదనరావు, తమ మొదటి చిత్రానికి కె.వి.యే కావాలని ఏళ్ళ తరబడి ఆగారు. ఇప్పటి నిర్మాతలకు అలాంటి ఓపిక ఊహకు కూడా రాదు. 1958లో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ తీశారు. ఈ చివరి రెండింటి నడుమ ‘మాయాబజార్’ ఉంది.

అభిమన్యుడికీ శశిరేఖకూ పెళ్ళి అన్నది మహాభారతంలో లేదు. జనంలో, నాటకాల్లో పెరిగిన కథ. సురభి నాటకాలవాళ్ళు ఊరూరా ఆడినది. కె.వి., పింగళి దాన్ని తీసుకొని ఒక వింతపని చేశారు. పాండవులు అయిదుగురూ లేకుండానే పాండవుల కథ నడిపారు. సినిమా అంతటా వాళ్ళ గురించి మాట్లాడతారు, వాళ్ళ కోసం ఏడుస్తారు, పంతాలు పడతారు, వాళ్ళు మాత్రం ఒక్కసారి కూడా తెర మీదకు రారు. అంతటి సాహసాన్ని ప్రేక్షకుడు గమనించకుండానే మూడు గంటలు గడిచిపోతాయి. రామారావుకు అంతకు ముందు చిన్న కృష్ణ వేషాల్లో జనం మెప్పు దక్కలేదు. అయినా కె.వి. ఆయన్నే కృష్ణుడిగా నిలబెట్టారు. ఆ కిరీటం, ఆ నవ్వు ఆ తర్వాత తెలుగింటి గోడ మీద క్యాలెండర్లయ్యాయి.

ద్వారకా నగరాన్ని బొమ్మ ఇళ్ళతో, చిన్న దీపాలతో స్టూడియోలోనే కట్టారు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళా దర్శకులు. లడ్డూలు తమంతట తాము లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళడం, కంబళి నేల మీద జరుగుతూ మనుషుల్ని తిప్పడం, కోరుకున్నది చూపించే ప్రియదర్శిని పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనబడడం, వీటన్నిటికీ కంప్యూటర్ సాయం లేదు. దారాలు, నల్ల తెరలు, ఒక్కొక్క బొమ్మగా కెమెరా తిప్పడం, ఫ్రేముల లెక్క: ఇవే పనిముట్లు. క్యాషియరు చదివిన ఫిజిక్స్ ఇక్కడ కడుపు నిండా పనికొచ్చింది.

తెలుగు ‘మాయాబజార్’ 1957 మార్చి 27న, తమిళ ‘మాయాబజార్’ ఏప్రిల్ 12న విడుదలయ్యాయి. ఆ రోజుల్లో తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉంది, తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉంది. రెండు స్టేషన్ల నడుమ రైలులో గంట ప్రయాణం. మూడేళ్ళకు, సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రలోకి వచ్చాయి. మ.పొ.శివజ్ఞానం నాయకత్వంలో ఉత్తర సరిహద్దు ఉద్యమం, దానికి ఎదురుగా తెలుగువారి ఆవేదన, బోర్డుల మీద అక్షరాలు మారడం, బళ్ళో పిల్లల పాఠం మారడం, ఇవన్నీ మన పెద్దల జ్ఞాపకాలు. ఆ నొప్పిని చిన్నది చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. అదే సమయంలో ఒక సినిమా మాత్రం గీతకు రెండు వైపులా తన సొంత గొంతుతో మాట్లాడుతూ ఉందని కూడా చెప్పుకోవాలి.

తమిళ రూపాన్ని డబ్బింగ్ అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది పొరపాటు. రామారావు, రంగారావు, సావిత్రి రెండింట్లోనూ వేశారు. అభిమన్యుడిగా తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. లక్ష్మణకుమారుడిగా తెలుగులో రేలంగి, తమిళంలో తంగవేలు. శకునిగా తెలుగులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు చల్లగా నవ్వితే, తమిళంలో నంబియార్ చేతులు పిసుకుతాడు. శశిరేఖ తమిళంలో వత్సల అయింది, ఎందుకంటే ఆ కథ అక్కడి జనంలో వత్సల పెళ్ళిగానే ఉంది. పాటలు, మాటలు తంజై రామయ్యదాసు రాశారు. విందు పాటను తెలుగులో మాధవపెద్ది సత్యం పాడారు. తమిళంలో తిరుచ్చి లోకనాథన్ పాడిన ‘కల్యాణ సమయల్ సాదం’ నేటికీ తమిళుల పెళ్ళి పందిళ్ళలో, భోజనాల వేళ వినబడుతుంది. తిరుత్తణిలో వియ్యాలవారు ఒకరు తెలుగు, మరొకరు తమిళం అయితే ఈ పాట ఎవరిదని తగువు పెట్టుకోనక్కరలేదు.

ఒక భాషలో తీసిన షాటును మళ్ళీ రెండో భాషలో, వేరే నటుడితో, అదే వెలుగులో, అదే నిడివిలో తీయాలంటే ఎంత పకడ్బందీగా ఉండాలో ఆలోచించండి. స్టాప్‌వాచ్ లేకపోతే ఈ రెండు భాషల సినిమా సాధ్యమే కాదు. మనకు రెండు ‘మాయాబజార్’లు దక్కాయంటే ఆ లెక్కల వల్లే.

1961లో ‘జగదేకవీరుని కథ’, 1963లో తానే నిర్మించిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ వరకు ఆయన చేయి తిరుగులేనిదిగా సాగింది. ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాల నాగేశ్వరరావు బాణీ కట్టిన ‘శివశంకరీ’ పాటకు రామారావు ఒక్కరే అయిదు రూపాల్లో తెర మీద కూర్చుంటారు. అదొక్కటి చాలు, ట్రిక్ ఫొటోగ్రఫీ పాఠంగా చూపించడానికి.

ఆ తర్వాత కాలం మారింది. రంగులు వచ్చాయి, జనం అభిరుచి వేరైంది. ‘సత్య హరిశ్చంద్ర’ (1965) అనుకున్నంత ఆడలేదు. 1968లో వచ్చిన ‘భాగ్యచక్రం’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ రెండూ నిరాశపరిచాయి. ఆయన అభిమానిగా కూడా ఒక మాట దాచుకోను. కథలో దమ్ము లేనప్పుడు ఆ కొలతలే సినిమాను బిగదీసి ఊపిరాడకుండా చేశాయి. తన విద్యకు తగ్గ కథ దొరకని పనిమంతుడి బాధ ఆ రెండు సినిమాల్లో నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అన్ని విజయాలు ఇచ్చిన మనిషికి అవకాశాలు తగ్గిపోవడం సినిమా లోకంలో కొత్త కాదు. ఆయన విషయంలో మాత్రం అది మనసుకు ఎక్కువగా గుచ్చుకుంటుంది.

అప్పుడు ముందుకొచ్చింది రామారావే. తన సొంత సంస్థలో ‘శ్రీకృష్ణసత్య’ (1971) దర్శకత్వం గురువుకు అప్పగించారు. రామారావు కృష్ణుడు, జయలలిత సత్యభామ. ఒకరు ఆంధ్రప్రదేశ్‌కు, మరొకరు తమిళనాడుకు తర్వాతి కాలంలో ముఖ్యమంత్రులయ్యారు. కె.వి. చివరి సినిమా అదే. 1972 సెప్టెంబర్ 15న, అరవై ఏళ్ళ వయసులో మద్రాసులోనే కన్నుమూశారు.

‘మాయాబజార్’కు 2010లో రంగులద్దించి మళ్ళీ విడుదల చేశారు. పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు. మంచిదే. నలుపు తెలుపుల్లో బార్ట్‌లీ వేసిన వెన్నెలను కూడా ఆ పిల్లలకు ఒకసారి పెద్ద తెర మీద చూపించాలని నా కోరిక. తమిళ రూపానికి కూడా అంత శ్రద్ధ దక్కాలి. సరిహద్దు ఊళ్ళలోని సినిమా సంఘాలు పూనుకుంటే, ఒకే సెలవు రోజున ఉదయం ఒక భాషలో, సాయంత్రం మరో భాషలో వేయవచ్చు. రెంటినీ పక్కపక్కన చూసిన విద్యార్థికి దర్శకత్వం అంటే ఏమిటో ఏ పుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

కె.వి. దగ్గర ‘మాయాబజార్’కు సహాయకుడిగా పనిచేసిన కుర్రవాడు సింగీతం శ్రీనివాసరావు. 1987లో సింగీతం ఒక్క మాట కూడా లేని ‘పుష్పక విమానం’ తీశారు. కమల్‌హాసన్ హీరో. తమిళంలో దాని పేరు ‘పేసుం పడం’. డబ్బింగ్ అవసరం లేకుండా అదే సినిమా సరిహద్దుకు అటూ ఇటూ ఆడింది.